ఏటిగట్టు రాజ్యాలు – 4: ఎగువన ఉమ్మా, దిగువన లగాష్

యూఫ్రటీస్‌కు వేళాపాళా తెలియదు. దానితో పోలిస్తే నైలు ఎంతో నయం. వేసవి చివర్లో పొంగుతుంది, పొలాల మీద ఒండ్రు పరుస్తుంది, విత్తనాలు చల్లే వేళకు తగ్గిపోతుంది. టైగ్రిస్, యూఫ్రటీస్‌లు ఇప్పటి టర్కీ కొండల మీది మంచు కరిగితే నిండే నదులు. ఆ నీళ్లు దక్షిణ ఇరాక్ మైదానానికి చేరేసరికి ఏప్రిల్, మే నెలలు వచ్చేస్తాయి. అప్పటికి బార్లీ చేలు కోతకొచ్చి ఉంటాయి. విత్తనాలు వేసే అక్టోబరు, నవంబరుల్లో మాత్రం నది అడుగంటి ఉంటుంది. కావాల్సినప్పుడు నీళ్లుండవు, వద్దన్నప్పుడు చేను మీద పడతాయి. పోనీ వాన ఆదుకుంటుందా అంటే, ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా కురవదు. కరవుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే అంతకు రెండింతలకు మించి పడుతుంది.

బడి పుస్తకాల్లో ‘నదీలోయ నాగరికతలు’ అనే పాఠం చదివినప్పుడు, నది చల్లగా చూస్తే జనం సుఖంగా ఊళ్లు కట్టుకున్నారన్నట్టు ఉంటుంది. ఈ దక్షిణ ఇరాక్ మైదానమైన సుమేరు సంగతి అలా జరగలేదు. నది ఇచ్చింది ఒండ్రు మట్టి ఒక్కటే. తక్కినదంతా పార, తట్ట, తగువు. రాజ్యాలకు పైన రాజ్యం, అంటే సామ్రాజ్యం, అన్నది కూడా ఆ తగువులోంచే పుట్టిందని నా అభిప్రాయం. ఈ వారం ఆ కథే.

ముందు కాలువల సంగతి కొంచెం చెప్పుకోవాలి. యుగాల తరబడి తెచ్చిన ఒండ్రును తన గట్ల మీదే వదులుతూ రావడం వల్ల, దక్షిణ మైదానంలో నది మట్టం చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తుగా ఉంటుంది. గట్టుకు గండి కొడితే చాలు, నీళ్లు వాటంతట అవే పల్లానికి పారతాయి. కాబట్టి కాలువ తీయడం తేలికే. అదుపులో పెట్టడమే కష్టం. వరదలో గండి వెడల్పయితే నది ఏకంగా దారి మార్చుకుని వేరే వైపు పోతుంది, పాత ఒడ్డున ఉన్న ఊరు ఎండిపోతుంది. ఏటా పూడిక తీయకపోతే కాలువ కొన్నేళ్లలో పూడిపోతుంది. పైగా మైదానం బల్లపరుపుగా ఉండటంతో, తడిపిన నీళ్లు బయటికి పోయే దారి లేక పొలంలోనే ఇంకి, ఆవిరై, ఉప్పును పైకి తెస్తాయి. చౌడు తేలిన నేలలో గోధుమ బతకదు. బార్లీ కొంతవరకు ఓర్చుకుంటుంది.

ఇంత శ్రమ చేయించాలంటే కొరడా పట్టుకున్న రాజు ఉండి తీరాలని 1957లో కార్ల్ విట్‌ఫోగెల్ అనే పండితుడు ఒక లావుపాటి పుస్తకంలో వాదించాడు. పెద్ద కాలువలు నడపడానికే నిరంకుశ రాజ్యాలు పుట్టాయన్నది ఆయన సిద్ధాంతం. వినడానికి పొందికగా ఉంటుంది గానీ, ఇరాక్ మైదానాన్ని ఏళ్ల తరబడి కాలినడకన, విమానాల నుంచి తీసిన ఫోటోలు చేతబట్టుకుని గాలించిన పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ మెక్ ఆడమ్స్‌కు కనిపించింది వేరు. తొలి ఊళ్లన్నీ నది పాయల వెంట చిన్న చిన్న కాలువలతోనే బతికాయి. వాటిని ఊరివాళ్లే, గుడి పెద్దలే చూసుకున్నారు. మైళ్ల పొడవు కాలువలు రాజ్యాలు ఏర్పడ్డాక వచ్చినవే. నేను ఆడమ్స్ పక్షమే. కాకపోతే విట్‌ఫోగెల్ అడిగిన ప్రశ్నను మరో చోట అడగాలనిపిస్తుంది. ఒక ఊళ్లో నీళ్ల వంతులు గుడి తేల్చగలదు. పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలని దేవుడి పేర చెబితే జనం వస్తారు. కిందటి వారం ఉరుక్‌లో చూసిన మట్టి పలకలన్నీ అలాంటి లెక్కలే. మరి ఒకే కాలువ మీద రెండు ఊళ్లు ఉంటే? రెండింటికీ వేర్వేరు దేవుళ్లుంటే?

ఉమ్మా, లగాష్ అలాంటి రెండు ఊళ్లు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ నాటి నుంచి సాగుతున్న వాదాలు విన్న తెలుగు పాఠకులకు ఎగువ, దిగువ అన్న మాటల బరువు విడమరచి చెప్పక్కర్లేదు. ఉమ్మా ఎగువన ఉంది. లగాష్ దిగువన.

లగాష్ నిజానికి ఒక ఊరు కాదు. గిర్సు, లగాష్, నిగిన్ అనే మూడు పట్నాలు కలిసిన రాజ్యం. కులదైవం నింగిర్సు. 1877లో బస్రాలో ఫ్రెంచి ఉప కాన్సల్‌గా ఉన్న ఎర్నెస్ట్ ద సార్జెక్ గిర్సు దిబ్బను తవ్వడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా సుమేరియన్లనే జాతి ఒకటి ఉండేదా అని పండితులు వాదించుకుంటున్నారు. ఆ దిబ్బలోంచి విగ్రహాలు, శిలాఫలకాలు, వేలకు వేల మట్టి పలకలు బయటపడే సరికి ఆ వాదం ముగిసింది. మనకు తెలిసినంతలో లోకంలో తొలి నీటి వివాదం దస్తావేజులు కూడా వాటిలోనే ఉన్నాయి.

తగువు గు-ఎదిన అనే మాగాణి గురించి. మైదానం అంచున రెండు రాజ్యాల నడుమ మంచి పంట భూమి అది. క్రీ.పూ. 2550 ప్రాంతంలో ఉత్తరాన ఉన్న కిష్ రాజు మెసిలిమ్ మధ్యవర్తిగా వచ్చి, తాడుతో కొలిపించి, హద్దు రాయి పాతించాడు. రాతల్లో మాత్రం హద్దు గీసింది మెసిలిమ్ అని ఉండదు. దేవతలందరికీ పెద్ద అయిన నిప్పూర్ పట్నపు ఎన్లిల్, నింగిర్సుకూ ఉమ్మా దేవుడు షారాకూ నడుమ హద్దు నిర్ణయించాడని, మెసిలిమ్ దాన్ని కొలిపించాడని ఉంటుంది. భూమి దేవుళ్లది, తగువు దేవుళ్లది, మనుషులు వకీళ్లు మాత్రమే. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. ఇద్దరికీ మించిన రాజు ఎవరూ లేని చోట, ఇద్దరూ తల వంచే దేవుడి ముందు పంచాయితీ పెట్టడం కంటే మంచి ఉపాయం ఇంకొకటి ఉండదు.

ఆ ఉపాయం ఎక్కువ కాలం నిలవలేదు. ఉమ్మా పాలకుడు ఉష్ హద్దు రాయి పీకించి లగాష్ పొలాల్లోకి దిగాడు. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎయన్నాటుమ్ ఉమ్మాను చిత్తుగా ఓడించి, ఆ గెలుపును సున్నపురాతి పలక మీద చెక్కించాడు. ‘రాబందుల శిల’ అని దానికి పేరు. ముక్కలు ముక్కలుగా దొరికింది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఒక వైపు నింగిర్సు దేవుడు పెద్ద వల పట్టుకుని నిలబడ్డాడు. వలలో చేపల్లా శత్రువులు. ఒకడు తల బయటికి పెడితే దేవుడు గదతో ఆ తల మీద మోదుతున్నాడు. రెండో వైపు డాలుకు డాలు ఆనించి, బల్లేలు ముందుకు చాచి, పడిపోయిన వాళ్లను తొక్కుకుంటూ నడిచే సైనికుల వరస ఉంది. అందరూ ఒకే ఎత్తు, ఒకే అడుగు. పైన రాబందులు తెగిన తలలను ముక్కున కరుచుకుని ఎగురుతుంటాయి. యుద్ధాన్ని ఇంత వివరంగా, ఇంత నిర్దయగా చూపించిన బొమ్మ అంతకు ముందు ఎక్కడా దొరకలేదు.

శిల్పం కంటే ఒప్పందం షరతులు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. ఎయన్నాటుమ్ హద్దు వెంట కాలువ తవ్వించాడు. ఉమ్మా వైపున 215 నిందన్లు, అంటే సుమారు 1,300 మీటర్ల మేర, ఎవరూ దున్నని నేలగా వదిలాడు. ఉమ్మా రైతులు లగాష్ దేవుళ్ల పొలాల్లో కొంత సాగు చేసుకోవచ్చు, కానీ అందుకు బార్లీ కొలవాలి. కొలవకపోతే అది అప్పు కింద రాసి వడ్డీ లెక్కకడతారు. ఆ కాలంలో బార్లీ అప్పుకు వడ్డీ మూడో వంతు మామూలు. రెండు తరాలు గడిచేసరికి ఆ బాకీ 86,40,000 గురులు అయిందని లగాష్ వాళ్లు లెక్క తేల్చారు. గురు అంటే ఒక పెద్ద గాదె నిండేంత కొలత. సుమేరు మొత్తం ఎన్నేళ్లు పండించినా అంత గింజ రాదు. రాసిన గుమాస్తాకు కూడా ఆ సంగతి తెలిసే ఉంటుంది. తీర్చలేని బాకీ చేతిలో ఉంటే పొలం మీదకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు. చక్రవడ్డీకి దొరికిన తొలి దాఖలాల్లో ఇదొకటి. అది యుద్ధానికి సాకుగా పుట్టడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

ఉమ్మా పాలకుడు ఊర్-లుమ్మా బాకీ తీర్చలేదు సరికదా, హద్దు కాలువల నీళ్లు తన వైపు మళ్లించుకున్నాడు. హద్దు శిలలకు నిప్పు పెట్టించాడు, గట్టు మీది చిన్న గుళ్లు కూలగొట్టించాడు, పరాయి దేశాల నుంచి కిరాయి సైన్యాన్ని తెచ్చి కాలువ దాటాడు. ఎయన్నాటుమ్ తమ్ముడి కొడుకు ఎన్‌మెటెనా అతన్ని తరిమి ఉమ్మా నడిబొడ్డులోనే చంపించాడు. పారిపోతూ ఊర్-లుమ్మా ఒక కాలువ ఒడ్డున 60 గాడిదల జట్లను వదిలేసి పోయాడని, అతని మనుషుల ఎముకలు మైదానంలో చెల్లాచెదురయ్యాయని ఎన్‌మెటెనా మట్టి శంకువు మీద రాయించుకున్నాడు. అరచేతిలో కాదు గానీ రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది ఆ శంకువు. నూట యాభై ఏళ్ల తగువు చరిత్ర మొత్తం, మెసిలిమ్ రాయి నుంచి మొదలుపెట్టి, దాని చుట్టూ చిన్న అక్షరాల్లో ఉంది. జరిగినదాన్ని ఏ కాలానికి ఆ కాలంగా వరసగా చెప్పిన రచనల్లో ఇంతకంటే పాతవి మనకు దాదాపు లేవు. దావా కాగితంగా రాసిందే చరిత్ర అయింది.

ఊర్-లుమ్మా పోయినా ఉమ్మా తగ్గలేదు. జబాలం గుడి పెద్ద ఇల్ అనేవాడు ఉమ్మా గద్దెనెక్కి మళ్లీ నీళ్లు మళ్లించాడు. బాకీలో 3,600 గురులు మాత్రం కొలిచి, హద్దు కాలువలు తనవేనన్నాడు. ఎన్‌మెటెనా శంకువు అతన్ని పొలాల దొంగ అని తిడుతుంది. ఆ తర్వాత ఎన్‌మెటెనా చేసిన పని తెలివైనది. ఉమ్మా నీళ్లాపినా తనకు లోటు రాకుండా, ఏకంగా టైగ్రిస్ నుంచి కొత్త కాలువ తీయించాడు. పక్క పొలం వాడు తూము మూస్తే మరో చెరువు వెతుక్కున్నట్టు. ఆ పూటకు లగాష్ గట్టెక్కింది. అయితే ఆ కాలువ మోసుకొచ్చిన మిగులు నీరే గిర్సు పొలాల్లో చౌడు పెంచిందని కొందరు పండితులంటారు. గుడి లెక్కల్లో గోధుమ వాటా తరతరానికీ తగ్గిపోతూ బార్లీయే మిగలడాన్ని వాళ్లు సాక్ష్యంగా చూపుతారు. దీని మీద వాదం తెగలేదు. ఉప్పుకు మందుగా పొలాన్ని ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టడం ఆ రైతులకు తెలుసని, పలకల్లో ఆ లెక్కలున్నాయని ఎదుటి పక్షం వాదన.

ఇప్పటిదాకా చెప్పినదంతా లగాష్ చెప్పుకున్న కథేనని గుర్తుంచుకోవాలి. తవ్వకాలు ఎక్కువగా జరిగింది గిర్సులో గనుక మన చేతికొచ్చిన కాగితాలు దాదాపు అన్నీ వాది పక్షానివే. ఉమ్మా రాజు గిషకిదు తన వైపు హద్దులు ఏకరువు పెట్టి రాయించిన ఒక శాసనం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో హద్దు ఉమ్మా దేవుడు షారాది, న్యాయం ఉమ్మాది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే రెండు ప్రభుత్వాల అఫిడవిట్లు చదివినట్టే ఉంటుంది.

యుద్ధానికి ఖర్చు ఎవరు పెట్టారు? లగాష్ జనమే. క్రీ.పూ. 2350 ప్రాంతంలో గద్దెనెక్కిన ఉరుకగినా, తనకు ముందు పాలకులు ఎన్ని రకాలుగా పిండారో జాబితా రాయించాడు. పడవ మీద ఒక అధికారి, గొర్రెల మీద ఒకడు, చేపల రేవు మీద ఒకడు కూర్చుని వసూలు చేసేవారు. సముద్రం దాకా వసూలుదార్లు ఉన్నారని ఆయన ఫిర్యాదు. చావుకు కూడా పన్ను ఉంది. శవాన్ని పూడ్చడానికి వచ్చినవాడు ఏడు కూజాల బీరు, 420 రొట్టెలు, బార్లీ, బట్ట, మేక, మంచం పట్టుకుపోయేవాడట. ఉరుకగినా దాన్ని మూడు కూజాల బీరుకు, 80 రొట్టెలకు దించాడు. వితంతువును, దిక్కులేని బిడ్డను బలవంతుడి చేతికి అప్పగించనని నింగిర్సుకు మాటిచ్చానన్నాడు. ప్రపంచంలో తొలి సంస్కర్త అని ఆయన్ను పొగిడే పుస్తకాలు చాలా ఉన్నాయి. గిర్సులోనే దొరికిన రాణివాసం లెక్కల పలకలు, 1,700కు పైగా, ఆ పొగడ్తకు కాస్త పగ్గం వేస్తాయి. రాణి గారి ఆస్తిని బావు అమ్మవారి ఆస్తిగా పేరు మార్చారు. దాన్ని నడిపింది మాత్రం రాణి షషాయే, పైగా ఆమె కింద పనివాళ్ల సంఖ్య ఇంకా పెరిగింది. దేవుడికి తిరిగి ఇచ్చామన్నది రాజుగారి ఇంట్లోనే ఉండిపోయింది. అయినా బీరు కూజాల లెక్క నిజమైతే, చచ్చినవాడి కుటుంబానికి మిగిలింది తక్కువేం కాదు.

సంస్కరణలకు వ్యవధి దొరకలేదు. ఉమ్మా రాజు లుగాల్‌జగేసి ఈసారి కాలువ మళ్లించడంతో ఆగకుండా నేరుగా ఊరి మీద పడ్డాడు. గుళ్లు తగలబెట్టాడు, వెండి, రాళ్లు దోచాడు, గు-ఎదినలో కోతకొచ్చిన బార్లీని కోసుకుపోయాడు. లగాష్ లేఖకుడొకడు ఏ గుడి తగలబడిందో, ఏ గుడి దోపిడీ అయిందో ఒక్కొక్కటే పేర్లు పెట్టి పలక మీద రాశాడు. తప్పు ఉరుకగినాది కాదని, ఆ పాపం లుగాల్‌జగేసి కులదేవతే అతని మెడకు చుట్టాలని శాపం పెట్టి ముగించాడు. శాపం తగలడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా లుగాల్‌జగేసి ఉరుక్‌కు మకాం మార్చి, నిప్పూర్ ఎన్లిల్ గుడికి రాతి పాత్రలు కానుకిచ్చి, కింది సముద్రం నుంచి పై సముద్రం వరకు దారులన్నీ ఎన్లిల్ తనకు తెరిచాడని వాటి మీద రాయించాడు. పర్షియన్ గల్ఫ్ నుంచి మధ్యధరా దాకా అని అర్థం. అది చాలావరకు గొప్పే. అయినా ఒక ఊరి రాజు అలాంటి గొప్ప చెప్పుకోవాలనుకోవడమే కొత్త విషయం. హద్దు రాయి జరిపే తగువు నుంచి హద్దే అక్కర్లేదనే దాకా వచ్చారు.

ఆ గొప్పను నిజం చేసినవాడు దక్షిణాది వాడు కాదు, ఏ పాత ఊరికీ వారసుడు కాదు. కిష్ రాజు ఊర్-జబాబా దగ్గర పానపాత్ర అందించే ఉద్యోగి సార్గాన్. మాట్లాడేది సుమేరియన్ కాదు, అక్కాడియన్. చాలా కాలం తర్వాత, క్రీ.పూ. 7వ శతాబ్దపు అస్సీరియా పలకల్లో దొరికిన కథ ప్రకారం, గుడి పూజారిణి అయిన తల్లి అతన్ని రహస్యంగా కని, రెల్లు బుట్టలో పెట్టి, తారుతో మూత బిగించి నదిలో వదిలింది. నీళ్లు తోడే అక్కి అనేవాడు బిడ్డను తీసి పెంచాడు. కర్ణుడి కథ తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. గద్దె మీద పుట్టనివాడు గద్దెనెక్కితే జనం పుట్టుక కథ ఒకటి అల్లుతారు, నది ఉన్న ఊళ్లో ఆ కథకు నది కావాలి.

క్రీ.పూ. 2334 ప్రాంతంలో సార్గాన్ రాజయ్యాడని పండితులు ఎక్కువగా వాడే కాలపట్టిక చెబుతుంది. ఉరుక్‌ను పట్టుకుని గోడలు పడగొట్టాడు. లుగాల్‌జగేసి మెడకు కొయ్య బిగించి నిప్పూర్‌లో ఎన్లిల్ గుడి వాకిలికి ఈడ్చుకొచ్చాడు. తర్వాత ఊర్, లగాష్, ఉమ్మా. సముద్రంలో ఆయుధాలు కడిగాడు. లగాష్, ఉమ్మా రెండూ ఒకే ఏడాది సైన్యానికి లొంగాయా, విడివిడిగానా అన్నది పెద్ద తేడా కాదు. రెండు వందల ఏళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుతిన్న రెండు ఊళ్లకూ నిలబడే బలం మిగల్లేదు.

మునుపు గెలిచిన రాజులు దోచుకుని ఇంటికి పోయేవారు. సార్గాన్ పోలేదు. అక్కాద్ అనే కొత్త రాజధాని కట్టించాడు (అది ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు). ఊళ్లకు తన మనుషులను పాలకులుగా వేశాడు. రోజూ 5,400 మంది తన ముందు అన్నం తింటారని రాయించుకున్నాడు. ఇది దాతృత్వం గురించి చెప్పిన మాట కాదు, జీతానికి నిలిపిన సైన్యం గురించి చెప్పినదని చాలామంది చరిత్రకారులు అంటారు. పాతకాలంలో పంట పనులయ్యాక రైతే బల్లెం పట్టేవాడు. ఏడాది పొడవునా తిండి పెట్టి 5,400 మందిని ఉంచుకోవాలంటే ఎక్కడెక్కడి గాదెల్లోంచో గింజ రావాలి. అందుకని కొలతలు ఒకటయ్యాయి. ఊరికొక రకంగా ఉన్న గింజ కొలత పక్కన అక్కాద్ కొలత వచ్చింది. లెక్కలు అక్కాడియన్‌లో రాయడం మొదలైంది. కూతురు ఎన్‌హెదువన్నాను ఊర్ నగరంలో చంద్రదేవుడు నన్నాకు ప్రధాన పూజారిణిగా నియమించాడు. దక్షిణాది గుళ్లను చేతిలో పెట్టుకోవడానికి వేసిన రాజకీయపు ఎత్తు అది. ఆమె మాత్రం ఎత్తులో పావుగా మిగిలిపోలేదు. ఆమె పేర చలామణి అయిన స్తోత్రాలను బట్టి, పేరు తెలిసిన తొలి రచయిత్రిగా ఆమెను చెప్పుకుంటున్నాం. ఆమె బొమ్మ చెక్కిన తెల్లరాతి పలకను లియొనార్డ్ వూలీ బృందం 1927లో ఊర్ తవ్వకాల్లో కనుగొంది.

సార్గాన్ కొడుకు రిముష్ కాలమంతా తిరుగుబాట్లు అణచడంతోనే సరిపోయింది. ఉమ్మాతో సహా దక్షిణపు ఊళ్ల నుంచి వేలమందిని చంపి, వేలమందిని ఊళ్లలోంచి వెళ్లగొట్టానని లెక్కలతో సహా రాయించాడు. మరో కొడుకు మనిష్టుషు భూములు కొన్నాడు. నల్లరాతి స్తంభం మీద చెక్కిన ఆ క్రయ పత్రం ప్రకారం కొన్నది ఎనిమిది వేల ఎకరాలకు పైగా. అమ్మినవాళ్ల పేర్లు, వాళ్ల బంధువుల పేర్లు, ఇచ్చిన వెండి, పెట్టిన విందు అన్నీ వివరంగా ఉన్నాయి. రాజు కొంటానంటే అమ్మనని ఎవరు అనగలరో మాత్రం అందులో ఉండదు. ఆ భూములు ఉత్తరాదివి. దక్షిణాదిలో కొనే పని కూడా పెట్టుకోలేదు. మనవడు నరామ్-సిన్ కాలం నాటికి ఉమ్మా, లగాష్‌ల నడుమ మెసాగ్ అనే అధికారి చేతి కింద పెద్ద ఎస్టేటు ఒకటి నడిచింది. దాని కొలతలు, కూలీలు, పశువులు, చేపల లెక్కల పలకలు దొరికాయి. ఏ ప్రాంతం కోసం ఎయన్నాటుమ్ రాబందుల శిల చెక్కించాడో, ఊర్-లుమ్మా 60 జట్ల గాడిదలను పోగొట్టుకున్నాడో, అక్కడ పండిన బార్లీ ఇప్పుడు ఇద్దరిదీ కాకుండా పోయింది.

నరామ్-సిన్ (క్రీ.పూ. 2254–2218) తాతను మించాడు. నాలుగు దిక్కులకూ రాజునన్నాడు. ఒకే ఏడాదిలో తొమ్మిది యుద్ధాలు గెలిచి, కొమ్ముల కిరీటం పెట్టుకుని దేవుడినన్నాడు. పాత సుమేరులో రాజు దేవుడి భూమికి గుమాస్తా. ఇప్పుడు గుమాస్తాయే దేవుడయ్యాడు. అక్కాద్ పౌరులే తనను తమ ఊరి దేవుడిని చేయమని పెద్ద దేవతలను వేడుకున్నారని, గుడి కట్టారని ఒక రాగి విగ్రహం పీఠం మీద ఉంది. ఆ విగ్రహాన్ని 2003లో బాగ్దాద్ మ్యూజియం దోపిడీలో ఎత్తుకుపోయారు. కొన్ని నెలల తర్వాత ఒక మురుగు గుంటలో దొరికింది.

సార్గాన్ నుంచి లెక్కపెడితే ఆ సామ్రాజ్యం నూట ఎనభై ఏళ్లు నిలిచింది. క్రీ.పూ. 2200 ప్రాంతంలో పశ్చిమాసియాలో దీర్ఘమైన అనావృష్టి పట్టిందని, ఉత్తర సిరియాలో అక్కాద్‌కు గింజలందించిన టెల్ లైలాన్ లాంటి పట్నాలు దాంతోనే ఖాళీ అయ్యాయని 1993లో హార్వీ వైస్ బృందం ప్రకటించింది. ఒమాన్ సింధుశాఖ అడుగున తీసిన మట్టిలో ఆ కాలపు ధూళి పొర కూడా కనిపించింది. కరవు వచ్చిందన్నది నమ్మదగ్గ మాటే. అయితే దగ్గరలోనే ఉన్న టెల్ బ్రాక్, టెల్ మోజాన్ పట్నాల్లో జనం ఉంటూనే ఉన్నారు. కాబట్టి ఒక్క కరవే కూల్చిందనడానికి లేదు. గింజ దూరం నుంచి రావాల్సిన సైన్యానికి ఒక ఏడు పంట తగ్గినా దెబ్బే. తిరుగుబాటుకు కాచుకుని ఉన్న ఊళ్లు దక్షిణాన, జాగ్రోస్ కొండల నుంచి దిగే గుతియన్లు తూర్పున. నరామ్-సిన్ కొడుకు షర్-కలి-షర్రి చనిపోయాక మూడేళ్లలో నలుగురు పేర్లు రాజుల జాబితాలో కనిపిస్తాయి. ఎవరు రాజు, ఎవరు కాదు అని ఆ జాబితా రాసినవాడే అడిగి వదిలేశాడు.

ఉమ్మా మళ్లీ సొంత పాలకుడిని చూసుకుంది. లగాష్ ఇంకా బాగా తేరుకుంది. క్రీ.పూ. 2125 ప్రాంతంలో అక్కడ ఏలిన గుదియా యుద్ధాల కంటే గుడి కట్టడం గురించే ఎక్కువ రాయించుకున్నాడు. నల్లరాతిలో చేతులు జోడించి కూర్చున్న అతని విగ్రహాలు లూవ్ర్‌లో వరసగా కనిపిస్తాయి. నింగిర్సు గుడికి దేవదారు, రాళ్లు, రాగి ఎక్కడెక్కడి నుంచి తెప్పించాడో చెబుతూ, మెలుహ్హా అనే దూరదేశం వాళ్లు ఎర్రరాళ్లు తెచ్చారని పేర్కొన్నాడు. సార్గాన్ కూడా మెలుహ్హా ఓడలు అక్కాద్ రేవులో కట్టి ఉండేవని రాయించాడు. అక్కాద్ కాలపు ముద్ర ఒకటి షు-ఇలిషు అనే దుబాసీది. మెలుహ్హా భాషకు తర్జుమా చేసేవాడట. కొంత కాలానికి లగాష్ పొలాల మధ్యనే మెలుహ్హా పేరుతో ఒక పల్లె కనిపిస్తుంది. ఆ పల్లె వాళ్ల పేర్లు అప్పటికే సుమేరియన్ పేర్లు. ఊరి గాదెకు అందరిలాగే బార్లీ కొలిచారు.

మెలుహ్హా అంటే సింధు లోయ అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అక్కడి పట్నాల్లో రాబందుల శిల లాంటిది ఒక్కటీ దొరకలేదు. మెడకు కొయ్య బిగించిన రాజు బొమ్మ గానీ, తనే దేవుడినన్న రాజు బొమ్మ గానీ లేవు. సింధు, దాని ఉపనదుల వెంట అన్నేసి ఊళ్లు నీళ్ల కోసం కొట్టుకోలేదా, కొట్టుకుని రాసుకోలేదా అన్నది వచ్చే వారం మొహెంజొదారో వీధుల్లో వెతుకుదాం.